మనం ఎక్కే కొండ ఎవరిది?

(చలికాలపు నడకలకు ముందు విశాఖపట్నంలో కొండలెక్కే మిత్రులు జరుపుకున్న సమావేశంలో ఒక విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

సభకు నమస్కారం. చలి మొదలైంది కాబట్టి ఈ రెండు నెలల్లో మీరంతా లంబసింగికో, వంజంగికో, అరకుకో బయలుదేరుతారు. రాత్రి ఎన్ని గంటలకు బయలుదేరితే తెల్లవారే సరికి మేఘాల మీద నిలబడవచ్చో నాకంటే మీకే బాగా తెలుసు. నేను చెప్పదలచుకున్నది మీ కాళ్ల కింద ఉన్న నేల సంగతి. ఆ నేల ఎలా ఏర్పడింది, కాగితం మీద అది ఎవరిది, అక్కడి ఊరి వాళ్ల లెక్కలో అది ఎవరిది? కాగితం లెక్క, ఊరి లెక్క అని విడివిడిగా ఎందుకు అంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. మన్యంలో ఈ రెండూ చాలాచోట్ల ఒకటి కావు.

ముందు నేల సంగతి చూద్దాం. పడమటి కనుమల్లాగా తూర్పు కనుమలు విడవకుండా సాగే వరుస కాదు. గోదావరి, కృష్ణ వంటి పెద్ద నదులు వీటిని ముక్కలు ముక్కలుగా కోసుకుని సముద్రానికి వెళతాయి. మన ముక్కలో మాత్రం కొండలు బాగా ఎత్తుగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కితే అనంతగిరి, దాని మీదుగా వెళితే అరకు లోయ. మనం లోయ అంటున్నాం గానీ, అది సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమిలో ఒక పల్లం మాత్రమే. దాని చుట్టూ గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట వంటివి ఇంకా పైకి లేచి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా ఎత్తయిన అర్మకొండ కూడా ఈ మన్యంలోనే ఉంది. దాన్ని జిందగడ అని కూడా పిలుస్తారు. ఎత్తు సుమారు 1680 మీటర్లు. మనలో చాలామంది మొదటిసారి కొండలు చూసింది కొత్తవలస–కిరండూల్ రైలు కిటికీలోంచే కదా? ఆ లైను మన కోసం వేసింది కాదు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపానుకు పంపడానికి 1960 దశకంలో సొరంగాలు తొలిచి వేశారు. ఆ కొండల్లోకి ఏ పెద్ద దారి వెళ్లినా అక్కడి నుంచి ఏదో ఒకటి దింపుకోవడానికే వెళ్లిందన్న సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

మీరు ఎక్కేటప్పుడు తోవ పక్కన ఎర్రగా, పొరలు పొరలుగా పొడిరాలే రాయి కనబడుతుంది, గమనించారా? దాని పేరు ఖోండలైట్. ఈ కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరే భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాయికి పెట్టారు. ప్రపంచంలో ఏ దేశపు పాఠ్యపుస్తకంలో ఈ రాయి గురించి చదివినా ఆ జాతి పేరు పలకాల్సిందే. ఆ పేరుగల మనుషులకు తమ కొండ మీద హక్కు పత్రం దొరకడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ మనసు కష్టపడుతుంది.

ఖోండలైట్ కొండల నెత్తిన, లక్షల ఏళ్ల వానలకు రాయి కుళ్లి, కరిగేదంతా కరిగిపోయి, మిగిలిన పొరే బాక్సైట్. అందుకే ఈ కొండలు కొన్ని కొన కోసేసినట్టు చదునుగా ఉంటాయి. రంధ్రాలున్న ఆ పొర వాన నీటిని పీల్చుకుని, కింది వాలులో ఊటలుగా మెల్లమెల్లగా వదులుతుంది. ఏప్రిల్ నెలలో కూడా గూడెం పక్క గెడ్డలో నీళ్లు పారుతున్నాయంటే ఆ కొండ నెత్తిన ఉన్న పొర చలవే. అల్యూమినియం కర్మాగారానికి అది ఖనిజం, కింద ఉన్న గూడేనికి అది నీళ్ల తొట్టి.

ఆ నీళ్లు ఎటు పోతాయి? ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం, కాస్త ఓపిక పట్టండి. తూర్పు వాలు మీద పడిన వాన గోస్తనిగా, శారదగా దిగి, ఎక్కువ దూరం పోకుండానే సముద్రంలో కలుస్తుంది. దారిలో గోస్తని మీద తాటిపూడి, శారద మీద రైవాడ జలాశయాలున్నాయి. ఈ రెండూ విశాఖ నగరానికి తాగునీరు ఇస్తున్నాయి. అంటే, ఈ బల్ల మీద ఉన్న గ్లాసులో నీళ్లు మీరు వచ్చే వారం ఎక్కబోయే కొండ నుంచి వచ్చి ఉండవచ్చు. ఇక పాడేరు వైపు పడిన వాన చూడండి. అది మత్స్యగెడ్డలో చేరి, సముద్రానికి వీపు తిప్పి, పెదబయలు, ముంచింగిపుట్టు మీదుగా ఉత్తరానికి పారుతుంది. ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ అయ్యి, డుడుమ జలపాతంగా దూకి, సీలేరు అనే పేరు పెట్టుకుని మళ్లీ దక్షిణానికి తిరిగి, శబరిలో కలుస్తుంది. ఆ శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఒకే గట్టుకు అటూ ఇటూ పడిన రెండు చినుకుల్లో ఒకటి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిస్తే, రెండోది కోనసీమ దాకా వెళుతుంది. ఆ గట్టు మీద నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి, కొండ వేరే విధంగా కనబడుతుంది.

ఇక ఎవరిది అన్న ప్రశ్నకు వద్దాం.

కంపెనీ పాలన రాకముందు, వచ్చిన తొలినాళ్లలో కూడా, ఈ కొండలు జయపురం, మాడుగుల, గొలుగొండ వంటి జమీందారీల కింద ఉన్నాయని కాగితాలు చెబుతాయి. కొండ మీద మాత్రం ముఠా ఉండేది. కొన్ని ఊళ్లు కలిస్తే ఒక ముఠా, దానికి ఒక ముఠాదారు. ఆయన పైవారికి కట్టుబడి, అంటే ఏటా ఇంత అని ఖాయం చేసిన శిస్తు, చెల్లించి, లోపల తగవులు తీర్చేవాడు. భూమి ఎవరు దున్నాలి, ఏ వాలు మీద ఈ ఏడు పోడు కొట్టాలి, అంటే చెట్లు నరికి కాల్చి సాగు చేయాలి, ఏ వాలును వదిలేయాలి అన్నది ఊరు నిర్ణయించుకునేది. 1839లో ఒక చట్టం చేసి ఈ ప్రాంతాన్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, గవర్నరుకు ఏజెంటుగా కలెక్టరు చేతిలో పెట్టారు. ఏజెన్సీ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. మనం ఇప్పటికీ ఏజెన్సీకి వెళ్లి వచ్చాం అంటాం కదా, ఆ మాట వయసు దాదాపు రెండు వందల ఏళ్లు.

అసలు దెబ్బ 1882 మద్రాసు అటవీ చట్టంతో తగిలింది. గీత గీసి, ఇది రిజర్వు అడవి అన్నారు. నిన్నటి దాకా ఊరిది, ఈ రోజు సర్కారుది. పోడు నేరం, కట్టె నేరం, మేత నేరం. మన్యం పోరాటానికి మూలం అక్కడుంది. లంబసింగి వెళ్లేటప్పుడు మీరు నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కుతారు కదా, ఆ దారి సంగతి తెలుసా? గూడెం అనే ప్రాంతానికి డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ అనే అధికారి, కూలి సరిగ్గా ఇవ్వకుండా, కొండ మనుషుల చేత బలవంతంగా దారి వేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆయన వెంట నిలిచిన గాం గంటందొర, మల్లుదొర సోదరులకు అడవి గీతలు, ఆ దారి పని అనుభవంలో ఉన్న బాధలు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును కాల్చి చంపారు. ఇప్పుడు ఆ ఘాట్ మీద తెల్లవారుజామున మన కార్లు బారులు తీరుతున్నాయి. వెళ్లవద్దని నేను అనను. ఆ దారి ఎవరి చెమటతో పడిందో తెలిసి వెళ్లమంటాను.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం అయిదో షెడ్యూలులో ఈ ప్రాంతాన్ని చేర్చి, ఇక్కడి భూమి విషయంలో ప్రత్యేక నిబంధనలు చేసే అధికారం గవర్నరుకు ఇచ్చింది. 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీపై ఒక చట్టం ఉంది. 1959లో కొత్త నిబంధన వచ్చింది. దానికి 1970లో సవరణ చేశారు. ఆ సవరణే మీరంతా విన్న 1/70 చట్టం, అంటే 1970 సంవత్సరపు 1వ నిబంధన. దీని గురించి మన ఊళ్లో అపోహలు చాలా ఉన్నాయి కాబట్టి నిదానంగా చెబుతాను.

1959 నిబంధన గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకూడదు అని చెప్పింది. బాగానే ఉంది. మరి అప్పటికే గిరిజనేతరుల చేతికి వచ్చిన భూమి సంగతి? వాళ్లలో వాళ్లు అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. 1970 సవరణ ఆ తలుపు మూసింది. షెడ్యూలు ప్రాంతంలో భూమి ఎవరి దగ్గర ఉన్నా సరే, అమ్మేవాడు ఎవరైనా సరే, కొనేవాడు గిరిజనుడై ఉండాలి, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘమై ఉండాలి. లేకపోతే ఆ బదిలీ చెల్లదు. మరో మెట్టు ఉంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఏదైనా, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం మొదట అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అతనిది. ఇది అన్యాయమని కోర్టుకు వెళ్లిన వారున్నారు. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టం రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది.

ఇక మీకు నేరుగా తగిలే విషయం. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే అనుకోకండి. చట్టంలో బదిలీ అన్న మాటలో తాకట్టు ఉంది, దానం ఉంది, మార్పిడి ఉంది, లీజు ఉంది. లీజు కూడా! కాబట్టి పట్నం నుంచి వచ్చిన మనిషి ఒక గిరిజన రైతు పొలాన్ని ఏడాదికింత అని మాట్లాడుకుని, దాని మీద గుడారాల శిబిరం పెడితే, ఆ ఒప్పందానికి చట్టం దృష్టిలో విలువ లేదు. అందుకే ఇలాంటివి పేరు ఒకరిది, డబ్బు మరొకరిది అన్నట్టు బినామీగా నడుస్తాయి. చాలా ఏళ్ల క్రితం నాకూ ఒక పరిచయస్తుడు ఇలాగే ఒక కొండవాలు ముక్క చూపించి, 'మాస్టారూ, కాగితం అక్కడి వాళ్ల పేరు మీదే ఉంటుంది, మీకేం భయం' అన్నాడు. నాకు పాఠం నేర్పిన కొండ అది, నా దగ్గర చదువుకున్న పిల్లల కొండ. దాన్ని దొంగదారిన కొనుక్కోవడమా? ఆ రోజు అతనితో తెంచుకున్న స్నేహం మళ్లీ కలవలేదు, కలవనందుకు విచారమూ లేదు.

మరి ప్రభుత్వ భూమి సంగతేమిటి? ప్రభుత్వం తన భూమిని ఎవరికైనా ఇచ్చుకోవచ్చా? ఈ ప్రశ్న అనంతగిరి మండలంలో, మీరు బొర్రా గుహలకు వెళ్లే ప్రాంతంలోనే పుట్టింది. అక్కడ ఖనిజం తవ్వడానికి ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతా చదవదగింది. చట్టంలో 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుంది, కాబట్టి షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వడం చెల్లదు అని ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు తేల్చారు. ప్రభుత్వ సంస్థ తవ్వితే మాత్రం అడ్డు లేదన్నారు. ఆ సందులోంచే బాక్సైట్ మళ్లీ వచ్చింది. 2015లో చింతపల్లి అడవుల్లో 1212 హెక్టార్లను రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు మళ్లిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. మన్యం ఊరుకోలేదు. 2019లో ఆ ఉత్తర్వు రద్దయింది. ఇందాక చెప్పిన నీళ్ల తొట్టి ఆ విధంగా ఇంకా అక్కడే ఉంది. మళ్లీ 2025 ఆరంభంలో, ఈసారి పర్యాటకం పేరిట, 1/70ను సడలించాలన్న మాట పైకి వచ్చింది. ఏజెన్సీ అంతటా బంద్ జరిగింది. ఆ చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి ప్రకటించారు. గమనించండి: మొదట అటవీ కలప, తర్వాత ఖనిజం, ఇప్పుడు మంచుమేఘాలు. మనం ఆ మూడో వరుసలో ఉన్నాం. ఇది మనల్ని నిందించడానికి అనడం లేదు. మన ఇష్టం కూడా అక్కడి నేల ధర పెంచుతుందని మనకు తెలిసి ఉండాలి.

ఒక మాట అడగవచ్చు మీరు. పిల్లల దగ్గరికి వెళ్లి స్కాట్లాండ్ కొండలు నడిచి వచ్చినవారు మనలో ఉన్నారు. అక్కడ కొండలు చాలావరకు కొద్దిమంది పెద్ద ఎస్టేటుదారుల సొంతం. అయినా 2003 చట్టం ప్రకారం, బాధ్యతగా నడుచుకున్నంత వరకు, ఎవరైనా ఆ నేల మీద నడవవచ్చు, రాత్రి గుడారం వేసుకోవచ్చు. ఇక్కడ అలాంటి నడక హక్కు మనకు చట్టంలో లేదు. ఇక్కడ చట్టం మొదట కాపాడింది అక్కడ బతికేవాడిని. నన్నడిగితే ఆ వరుసే సరైనది, ఎందుకంటే స్కాట్లాండ్ కొండల్లో ఎన్నో చోట్ల ఊళ్లను ఖాళీ చేయించి గొర్రెలను తోలిన చరిత్ర ఉంది. మన కొండల మీద ఊళ్లు ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు మీతో పాటు ఒక కొండ ఎక్కుతాను. ఏదైనా అనుకోండి, పాడేరు చుట్టుపక్కల కొండే అనుకోండి. కింద గెడ్డ పక్కన మెట్లు మెట్లుగా వరి మళ్లు. అవి ఎక్కువగా పట్టా భూములు. 1969లో ముఠాదారీ రద్దయ్యాక జరిగిన సర్వే, సెటిల్‌మెంట్లలో ఈ పల్లపు భూములకు చాలావరకు పట్టాలు వచ్చాయి. కాస్త పైకి వెళితే వాలు మీద చోళ్లు, సామలు, పసుపు, నవంబరులో పసుపచ్చని వలిసె పూలు. ఫొటోల కోసం మనం అడుగుపెట్టేది ఆ చేలల్లోనే. ఈ మెట్ట, పోడు భూములు తరతరాలుగా వాళ్లవే అయినా, రికార్డులో ప్రభుత్వానివో అడవివో అయ్యాయి. ఇంకా పైన సిల్వర్ ఓక్ నీడలో మిరియాల తీగలు, వాటి కింద కాఫీ. కొంత రైతులది, కొంత అటవీ అభివృద్ధి సంస్థ తోటలది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు కాఫీ ఇదే. దానిపైన రిజర్వు అడవి. అనుమతి లేకుండా అందులోకి వెళ్లడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరమని ఎందరికి తెలుసు? రెండు గంటల నడకలో నాలుగు రకాల నేల మారిపోయింది. మీ కాలికి ఎక్కడైనా తేడా తెలిసిందా? తెలియదు. అక్కడి పదేళ్ల పిల్లవాడికి తెలుస్తుంది.

ఈ కాగితం లెక్కకూ ఊరి లెక్కకూ మధ్య దూరాన్ని కొంత తగ్గించింది 2006 అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు నాలుగు హెక్టార్ల దాకా హక్కు పత్రం ఇవ్వాలంది. ఊరంతటికీ కలిపి అడవి మీద ఉమ్మడి హక్కు ఉందంది. చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు సేకరించి అమ్ముకోవడం వాళ్ల హక్కు అంది. హక్కు ఎవరిదో తేల్చే పని గ్రామసభతో మొదలు కావాలంది.

నేను బడి నుంచి విరమించుకున్న తర్వాత ఒకసారి, నా పాత విద్యార్థి తల్లి ఇంటికి వెళ్లాను. ఆవిడ చూరులో దోపిన ప్లాస్టిక్ సంచి తీసి, నాలుగు మడతలు పెట్టిన పత్రం నా చేతికిచ్చి, 'చదవండి మాస్టారూ' అన్నారు. భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయి. చట్టం అలాగే ఇవ్వమంది. వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి లేదని ఉంది. హద్దులు చదివాను. తూర్పు గెడ్డ, పడమర పనసచెట్టు, ఉత్తరం పెద్ద బండ, దక్షిణం మరొకరి పోడు. ఆవిడ ఒక్కొక్క హద్దుకూ తల ఊపుతూ విన్నారు. తర్వాత, 'చెట్టు పోయిన గాలివానకు పడిపోయింది, మొదలుంది, పరవాలేదా?' అని అడిగారు. పరవాలేదన్నాను. అన్నాను గానీ ఆ సాయంత్రం ఆవిడతో పాటు వెళ్లి ఆ మొదలు చూశాను. దాని చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. దాని పక్కనే, ఆవిడ పసుపు మడిలో, గుడారం మేకులు దిగిన గుంటలు నాలుగు, సగం కాలిన కట్టెలు, పగిలిన సీసా పెంకులు ఉన్నాయి. ఆవిడ ఎవరినీ తిట్టలేదు. చీర కొంగులోకి ఒక్కొక్క పెంకూ ఏరుకున్నారు. పసుపు తవ్వేటప్పుడు చేతులు కోసుకుంటాయని.

కాబట్టి శనివారం బయలుదేరే వారికి చెబుతున్నాను. మనం గుడారాలు గట్టు మీద వేయడం లేదు. ఊళ్లో ఇద్దరు రైతులు వాళ్ల ఇళ్ల వెనుక కళ్లాల్లో చోటు ఇస్తామన్నారు. వాళ్లే వండి పెడతారు, డబ్బు వాళ్ల చేతికే ఇస్తాం. దారి చూపడానికి ఆ ఊరి కుర్రవాళ్లు వస్తారు. రిజర్వు అడవి హద్దు రాయి దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎటు వెళ్లాలో వాళ్లు చెప్పినట్టే వెళతాం. ఆ బల్ల మీద నేను చేత్తో గీసిన పటం ఉంది. అందులో సర్వే నంబర్లు వేయలేదు, గెడ్డలు వేశాను, ఏ గెడ్డ ఎటు పారుతుందో బాణం గుర్తులు పెట్టాను. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.